బుడమలంక వేడి, పొన్నలంక వేడి

నేను ఒక ఉష్ణమాపకాన్ని. జానెడు చెక్కకు బిగించిన గాజుగొట్టం, లోపల ఎర్రటి ద్రవం, పక్కన సున్నా నుంచి యాభై దాకా అంకెలు. నా శరీరమంతా ఇంతే. అంబాలాలో ఒక కార్ఖానాలో ఎవరో ఒకాయన బుగ్గలు ఉబ్బించి నన్ను ఊదాడు. తోడబుట్టిన అయిదుగురితో కలిసి గోదావరి ఒడ్డున ఒక హైస్కూలుకు వచ్చాను. ఆ అయిదుగురినీ పిల్లలు దసరా సెలవుల్లోపే పగలగొట్టారు. సైన్సు చెప్పే కామేశం మాస్టారు భయపడి నన్ను బీరువాలో పెట్టి తాళం వేశారు. పదకొండేళ్లపాటు బీరువా లోపలి వేడిని తప్పు లేకుండా కొలిచాను. ఎంతుందని ఎవరూ అడగలేదు.

చివరికి నన్ను బయటికి తీయించింది ఒక కాపురం.

గోదావరి సముద్రంలో కలిసే ముందు పాయలుగా చీలి, నడుమ లంకల్ని వదిలిపెడుతుంది. నా కథకు రెండు చాలు. ఎగువన బుడమలంక. చుట్టూ ఇసుక తిన్నెలు, పొడి వేడి, ఎండాకాలం చెప్పుల్లేకుండా అడుగు పడదు. దిగువన పొన్నలంక. సముద్రపు గాలి వస్తుంది గాని, చొక్కా పొద్దున్నే ఒంటికి అంటుకుపోతుంది. మధ్యలో పడవ మీద గంట ప్రయాణం. బుడమలంకలో పొగాకు పండించే చిట్టబ్బాయికి పొన్నలంక పిల్ల సూర్యావతినిచ్చి చేశారు. మొదటి వేసవిలో పుట్టింటికి వెళ్లిన పిల్ల ఏడాది తిరిగినా రాలేదు. ఎందుకని మాస్టారు అడిగితే ఒకటే మాట.

"ఆ ఊరి వేడికి నేనుండలేనండి. చచ్చిపోతానండి."

"మేమందరం బతికే ఉన్నాం కదండీ మాస్టారూ," అన్నది అత్తగారు మంగాయమ్మ.

పెద్దమనుషులు రెండుసార్లు కూర్చున్నారు. రెండోసారి తెగతెంపుల మాట వచ్చింది. చిట్టబ్బాయి ఇల్లరికం వెళ్లనన్నాడు, సూర్యావతి తిరిగి రానన్నది, ఎవరి రేవులో వాళ్లు కూర్చుని ఏడ్చారు. ఇద్దరికీ పాఠాలు చెప్పిన కామేశం మాస్టారు అది చూడలేక నన్ను బీరువాలోంచి తీశారు. రోహిణి కార్తెలో నేను ఒక్కో లంకలో వారం ఉండాలి. ఏ లంక చల్లనిదని తేలితే ఆలుమగలిద్దరూ అక్కడే కాపురం పెట్టాలి. ఇద్దరూ సరేనన్నారు. నాకు గర్వం తలకెక్కింది. తల ఎక్కడుందని అడగకండి.

మొదట పొన్నలంక. సూర్యావతి తండ్రి బుల్లెబ్బాయి రేవుకే ఎదురొచ్చాడు. "పాపం, ఎండన పడొచ్చిందండి," అంటూ నన్ను రెండు చేతులా అందుకుని, నడవలో మంచినీళ్ల కుండల పైన మేకుకు తగిలించాడు. కుండలకు తడిగుడ్డ, వాటి కింద తడి ఇసుక. ఇరవై తొమ్మిది చూపించాను. తర్వాత బుడమలంక. మంగాయమ్మ నన్ను ఏటిగాలి తగిలే వసారాలో మేకుకు తగిలించి, నేల మీద నీళ్లు చల్లి, తీరికైనప్పుడల్లా తాటాకు విసనకర్రతో విసిరింది. ఇక్కడా ఇరవై తొమ్మిదే. ఇందులో ఎవరూ మోసం చేయలేదని ప్రమాణం చేసి చెబుతాను. ఇంటికి ఎవరొచ్చినా చల్లని చోట కూర్చోబెట్టడం వాళ్లకు అలవాటు. నన్నూ చుట్టాన్ననే అనుకున్నారు. ఆ సంగతి మాస్టారికి కూడా తట్టలేదు, ఆయన చేతిలో మజ్జిగ గ్లాసు ఉంది.

"రెండూ సమానమేనర్రా," అని మాస్టారు పుస్తకం మూశారు. చిట్టబ్బాయి మొహం పాలిపోయింది. సమానమైతే ఎవరి లంకలో వాళ్లు ఉండిపోవడమే.

ఫలితం వినడానికి బుడమలంక వచ్చిన సూర్యావతి కాసేపు నావైపు చూసింది. తర్వాత నన్ను మేకు మీంచి తీసి, ఎవరితోనూ చెప్పకుండా పెరట్లోకి నడిచింది. అక్కడ వంటపాక ఉంది. చుట్టూ మట్టిగోడలు, కిటికీ లేదు, వంగి వెళ్లే గుమ్మం ఒక్కటి. పొయ్యి మీద మంగాయమ్మ పెట్టిన అన్నం ఉడుకుతోంది. గరిటె తగిలించే మేకుకు నన్ను తగిలించింది.

"నేనున్న ఊరు ఇదండీ మాస్టారూ," అన్నది. మొగుడి కోసం పీట వాల్చింది. "మీరు కూకోండి. అన్నం ఉడికేదాకా లేవకండి."

చిట్టబ్బాయి ఆ ఇంట్లోనే పుట్టి ఇరవై ఆరేళ్లయింది. అన్నం ఎప్పుడూ అతని దగ్గరికే, వసారాలోకే వచ్చేది. తను అన్నం దగ్గరికి వెళ్లడం అదే మొదలు. నేను ముప్పై ఎనిమిది దాటాను, నలభై మూడు దాటాను. అంత ఎత్తు నాకూ కొత్తే, కళ్లు తిరిగాయి. అన్నానికి ఇంకా ఒక పొంగు రావాల్సి ఉండగానే అతను బయటికి వచ్చి నూతిగట్టు మీద కూలబడ్డాడు.

"నలభై ఏడు," అన్నారు మాస్టారు గుమ్మంలోంచే.

మంగాయమ్మ లోపలికి వచ్చి నా ముందు నిలబడింది. ఆవిడకు చదువు రాదు. ఎర్రగీత ఎక్కడ ఆగిందో వేలితో తాకి చూసింది.

"ఇంతుంటాదాండీ ఇక్కడ? ముప్పయ్యేళ్ల నుంచీ నా ఒంట్లోనే ఏదో వేడుందనుకుంటున్నానండి."

నాకు దుఃఖం వచ్చింది. ఒక్క గీత దిగి ఆవిడకు ఊరట ఇవ్వాలనిపించింది. దిగలేకపోయాను.

మర్నాడు చిట్టబ్బాయి వంటపాకకు ఏటివైపు గోడ పడగొట్టాడు. సూర్యావతి న్యాయం గల మనిషి. నన్ను పడవెక్కించి పొన్నలంక తీసుకెళ్లి, తన తల్లి పొయ్యి దగ్గర కూడా తగిలించింది. నలభై ఎనిమిది, పైగా చెమట. బుల్లెబ్బాయి గునపం వెతుక్కున్నాడు. మేము తిరిగి వచ్చేసరికి బుడమలంక వంటపాకలో మిట్టమధ్యాహ్నం ముప్పై ఎనిమిది. సూర్యావతి పడవలోంచి తన పెట్టె దింపించింది.

రెండు లంకల్లో నీకేది ఇష్టమని నన్నెవరూ అడగలేదు. అడిగితే పొన్నలంక అంటాను. ఆ కుండల దగ్గర గడిపిన వారాన్ని మరిచిపోలేను. అయినా మాస్టారు నన్ను తిరిగిమ్మని అడగలేదు, వీళ్లు ఇవ్వలేదు, బుడమలంక వంటపాకలోనే ఉండిపోయాను. ఇప్పుడు పొగకు మసిబారి నా అంకెలు ఎవరికీ కనిపించవు. ఇరుగుపొరుగు వస్తే మంగాయమ్మ పీట వాల్చి, నావైపు వేలు చూపించి, "ముప్పై ఎనిమిదండి," అని చెబుతుంది. ఆవిడకు వచ్చిన అంకె అదొక్కటే. పుష్యమాసపు చలిలో, నేను ఇరవై దగ్గర వణుకుతున్నప్పుడు కూడా అదే చెబుతుంది. తప్పు లెక్క నేను సహించను. ఆవిడ చెప్పినప్పుడు మాత్రం ఊరుకుంటాను.