మంచి ఫ్యామిలీ డాక్టరవుతావు

ఆ మెడికల్ కాలేజీలో ఒక మాట ఉంది. వినడానికి ఎంత తియ్యగా ఉంటుందో, తగిలినచోట అంత మంట. పెద్ద సర్జన్ ఎవరైనా విద్యార్థి భుజం తట్టి, "నువ్వు మంచి ఫ్యామిలీ డాక్టరవుతావు" అన్నారంటే, సర్జరీ మీద ఆశ వదులుకోమని అర్థం. జ్వరాలకీ దగ్గులకీ మందు రాసుకునే పనికి నువ్వు చాలు, ఇక్కడ నీకేం పని అని దాని భావం. ఆ మాట పడినవాడు ఆ పూట క్యాంటీన్‌లో తలెత్తుకు తిరగలేడు. ఈ సర్జన్లకి జ్వరాలూ దగ్గులూ రావు కాబోలు, మహానుభావులు!

అక్కడ చదువుతున్న మారెన్ టోలెఫ్సన్‌కి ప్లాస్టిక్ సర్జరీ రెసిడెన్సీ, అంటే చదువయ్యాక పెద్దాసుపత్రిలో చేసే శిక్షణ, కావాలి. దేశం మొత్తానికి ఉన్న సీట్లు బొటాబొటి, ఎగబడేవాళ్ళు కొల్లలు. మార్కులు ఆమెకి బాగానే వచ్చాయి, కానీ బాగా వచ్చినవాళ్ళకి అక్కడ కరువేముంది? అందుకని మూడో సంవత్సరం అయ్యాక చదువు ఒక ఏడాది ఆపి, పేరున్న సర్జన్ దగ్గర రీసెర్చ్‌లో చేరాలా వద్దా అని శీతాకాలమంతా కొట్టుకులాడింది. ఆ ఏడాదంతా పాత కేసు షీట్లు తిరగేసి, నాలుగు వ్యాసాల్లో పేరు వేయించుకుని, చివర్లో ఆ సర్జన్ చేత సిఫార్సు చేయించుకుంటే సీటు ఖాయమని కొందరు. ఖాయమూ లేదు, గీయమూ లేదని కొందరు.

"చేసినవాళ్ళకి సీటొచ్చిందంటారు, సరే. చేసినా రానివాళ్ళు నీకెదురొచ్చి చెబుతారా ఏంటి? మొహం చాటేస్తారు" అనేవాడు ఆమె స్నేహితుడు తాడ్. అంటూనే తను మాత్రం గుట్టుచప్పుడు కాకుండా కనపడిన సర్జన్లందరినీ అడిగి పెట్టుకున్నాడు.

మారెన్ పేరున్న ప్లాస్టిక్ సర్జన్ డాక్టర్ సెలెస్ట్ వార్నమ్‌ని అడిగింది. ఆవిడ ఏటా ఒక్కరినే తీసుకుంటుంది. "రీసెర్చ్ డే నాడు నీ పోస్టర్ చూశాక చెబుతాను" అంది వార్నమ్.

రీసెర్చ్ డే అంటే విద్యార్థులంతా తాము చేసిన పనిని పెద్ద కాగితం మీద అచ్చు వేయించి, హాల్లో తగిలించుకుని, పెళ్ళిచూపులకి కూర్చున్నవాళ్ళలా పక్కన నిలబడే రోజు. మార్చి నెల. మిల్వాకీ వీధుల్లో మంచు ఇంకా కరగలేదు. మారెన్ ఫోన్లో మాటవరసకి చెప్పిందో లేదో, వాళ్ళ నాన్న ఆర్విడ్ విరోక్వా నుంచి కారేసుకుని వచ్చేశాడు. మారెన్ పుట్టకముందు నుంచీ ఆ చిన్న ఊరికి ఆయనే ఫ్యామిలీ డాక్టర్. ఆయన చేతుల్లో పుట్టిన ఆడపిల్లలకి ఇప్పుడు కాన్పులు చేస్తున్నదీ ఆయనే.

లావుపాటి పాత కోటు, మంచు బూట్లు వేసుకుని, కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టుకుని పోస్టర్ పైనుంచి కిందకి చదివాడు. "అబ్బో, ఇదంతా నువ్వే రాశావా? కాఫీ తెస్తానుండు, మొహం పీక్కుపోయింది నీకు" అని వెళ్ళాడు.

ఆయన అటు వెళ్ళగానే వార్నమ్ వచ్చింది. పోస్టర్ చూసింది, ఒకటి రెండు ప్రశ్నలు వేసింది. తర్వాత మారెన్ భుజం మీద చెయ్యేసింది. "రోగులతో నువ్వెంత ఓపిగ్గా మాట్లాడతావో వార్డులో అందరూ చెబుతున్నారు. నిజం చెప్పనా? నువ్వు మంచి ఫ్యామిలీ డాక్టరవుతావు."

చుట్టుపక్కల వాళ్ళు పోస్టర్లు చూస్తున్నట్టు నటిస్తూ చెవులు ఇటే పడేశారు. మారెన్ ఏదో ఒకటి అనాలి, ఇప్పుడే అనాలి.

"అయ్యో, నేనింకా అంత దిగజారలేదండీ!" అనేసింది.

వార్నమ్ పకపకా నవ్వింది. "శభాష్! ఆ పొగరే నాక్కావాలి. కిందటిసారి ఒకబ్బాయిని ఇదే మాటంటే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. జులైలో వచ్చి చేరు. ఏమంటావ్?"

"వస్తానండీ, తప్పకుండా వస్తాను!" మారెన్ ఆవిడ చెయ్యి అందుకుని ఊపేస్తూ అటు చూసింది. ఆవిడ వెనకాలే, చెరో చేతిలో కాఫీ కప్పుతో నాన్న. విన్నాడో లేదో అని అడగక్కర్లేదు, ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"వీరెవరు?" అంది వార్నమ్.

"మా నాన్నండీ."

"చాలా సంతోషం! మీరేం చేస్తుంటారు?"

ఆర్విడ్ కూతురి వంక చూశాడు. మారెన్ పోస్టర్ మూల ఊడిపోతున్నట్టు దాన్ని బొటనవేలితో నొక్కుతూ నిలబడింది. ఈయనా డాక్టరేనండీ అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అనలేదు, ఖర్మ!

"విరోక్వాలో ఉంటానండీ" అన్నాడాయన నవ్వు తెచ్చుకుని. "ఊళ్ళోవాళ్ళకి ఏదో చేతనైన సాయం చేస్తుంటాను. ఇదిగో, కాఫీ తీసుకోండి" అని తన కప్పు ఆవిడకిచ్చేశాడు.

శుక్రవారం వస్తే వేయించిన చేప తినడం అక్కడి ఆనవాయితీ కాబట్టి సాయంత్రం ఇద్దరూ దానికి వెళ్ళారు. హోటలంతా గోలగోలగా ఉంది. మారెన్ చేపని ఫోర్కుతో కెలుకుతూ కూర్చుంది.

"నాన్నా, నేనన్నది..."

"ఏదో సరదాకి అన్నావులే. తిను, చల్లారితే బాగుండదు."

"ఆవిడ అడిగినప్పుడు డాక్టర్నని ఎందుకు చెప్పలేదు నువ్వు?"

ఆర్విడ్ చేప మీద నిమ్మచెక్క పిండుకున్నాడు. "నువ్వు చెబుతావేమోనని చూశాను." ఆ గొంతులో కోపం లేదు. ఉంటే ఎంత బాగుండేది! "తర్వాత నాకే అనిపించింది, చెబితే ఆవిడకీ ఇబ్బంది, నీకూ ఇబ్బంది. అప్పుడే చేతికందిన అవకాశం. చెడగొట్టడం ఎందుకులే అనుకున్నాను."

మారెన్ సిగ్గుతో చచ్చిపోయింది. కన్నతండ్రిని, ఆయన బతుకంతా చేసిన పనిని, నలుగురూ నవ్వడానికి అంత మాట అంది. అన్నందుకే ఆమెకి ఆ చోటు దొరికింది.

"నేను చేరను. సోమవారం వెళ్ళి వద్దని చెప్పేస్తాను."

"అదొకటా! నా మీద జాలిపడి మానేస్తావా? నువ్వన్న మాటకంటే అదెక్కువ నొప్పి నాకు. నోరు మూసుకుని చేరు." ఇంకో ముక్క తిన్నాడు. తర్వాత నిజంగానే తెలుసుకోవాలని ముందుకి వంగాడు. "అది సరేగానీ తల్లీ, మా రోజుల్లో ఇవన్నీ లేవు. ఈ ఏడాది చేస్తే సీటొచ్చేస్తుంది కదా?"

అవునని చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ ఇందాక ఒకసారి ఆయన మొహం చూడలేక తల తిప్పేసుకుంది. మళ్ళీ అలాంటి పని చేయలేకపోయింది.

"తెలీదు నాన్నా. ఎవరికీ తెలీదు."

ఆర్విడ్ ఫోర్కు పళ్ళెంలో పెట్టేశాడు.

"నేను ఖాయమనుకున్నానమ్మా" అన్నాడు.