డబ్బాలో పన్నెండు బోర్డులు

ఆ మెషిన్‌కి పుట్టుకతోనే అనుమానం. టంకం పనయ్యి వేడివేడిగా వచ్చే ప్రతి సర్క్యూట్ బోర్డునీ కెమెరాతో ఫొటో తీసి, తనకి ముందే నేర్పిన మంచి బోర్డు ఫొటోతో పోల్చుకుంటుంది. ఏ కాస్త తేడా కనబడినా కుయ్యిమంటుంది. పక్కన కూర్చున్న మనిషి తెరమీద ఆ చోటు చూసి, నిజంగా తప్పయితే ఎర్ర బటన్, ఉత్తుత్తి గోలయితే పచ్చ బటన్ నొక్కాలి. రోజుకి ఆరువందల కూతలు. వాటిలో నిజమైనవి అయిదో ఆరో.

ఆ కుర్చీలో తొమ్మిదేళ్ళుగా కూర్చుంటున్నది పిన్ని. ఫ్యాక్టరీ లైన్లో అందరికీ పిన్నే, వయసులో ఆమెకంటే పెద్దవాళ్ళకి కూడా. ఒకప్పుడు ఆమెకి పచ్చబటన్ అని ఇంకో పేరుండేది. చూసీ చూడకుండా టకటకా నొక్కేసేది మరి. రెండేళ్ళనుంచి ఆ పేరు ఎవరైనా అంటే ఊరుకోవడం లేదు. ప్రతి కూతకీ కళ్ళు చిట్లించి చూస్తుంది. అది ఏ చోట కూసిందో నోటుబుక్కులో పెన్సిల్‌తో గీత గీసుకుంటుంది. దానివల్ల లైను నెమ్మదిస్తోందని మేనేజరుకి ఆమెమీద పీకలదాకా కోపం.

ఆయన్ని చాటున శాతం సారు అంటారు. ఇంట్లో కూర కూడా ఎనభై శాతం బాగుందంటాడని క్యాంటీన్లో నవ్వుకుంటారు. గురువారం పొద్దున్నే కాగితం ఒకటి పట్టుకుని వచ్చాడు.

"రేపు కస్టమర్లు వస్తున్నారమ్మా. ఉత్తుత్తి అలారాలు తొంభై శాతం తగ్గాలి. మెషిన్ హద్దులన్నీ వదులు చేయించాను. మీరిక్కడో సంతకం పెట్టేస్తే సరిపోతుంది."

ఎంత తేడా వస్తే కూయాలో మెషిన్‌కి చెప్పే ఆ హద్దుల్ని ఎవరు మార్చినా, 'మార్చాక కూడా తప్పులు దొరుకుతున్నాయి' అని ఆ కుర్చీలో కూర్చునే మనిషి సంతకం చెయ్యాలి. అది అక్కడి పద్ధతి. ఆ కాగితాన్ని ఎవరూ చదవరు, అందరూ పెట్టేస్తారు.

"పరీక్షించకుండా ఎలా పెడతాను సార్?"

"పరీక్షించడానికేముంది? మీకే వినబడుతోందిగా, ఎంత ప్రశాంతంగా ఉందో."

నిజమే. అరగంటనుంచి మెషిన్ కిమ్మనలేదు. ఆ ప్రశాంతత చూస్తేనే పిన్నికి ఒళ్ళు మండిపోయింది.

"నేను పెట్టను సార్."

"సాయంత్రందాకా టైముంది. లేకపోతే సోమవారంనుంచి ప్యాకింగ్‌లో అట్టపెట్టెలు అతికిద్దురుగాని," అని కాగితం ఆమె ముందు పడేసి వెళ్ళిపోయాడు.

తొమ్మిదేళ్ళు కళ్ళు ధారపోసిన కుర్చీ అది. భోజనాల వేళ పిన్ని భర్తకి ఫోన్ చేసింది. ఆయన బస్సు డ్రైవరు.

"పెట్టేయరాదూ, అందరూ పెడుతున్నదేగా," అన్నాడాయన.

"బ్రేకులు చూడకుండానే బాగున్నాయని ఎవరో రాసిస్తే, మీరు బస్సు తీస్తారా?"

"అట్టపెట్టెలు మోస్తే నడుం పట్టేస్తుంది. ఇంటికొచ్చాక కాపడం పెడతాలే," అన్నాడు చివరికి. ఆయన తనవైపే ఉన్నాడని పిన్నికి అర్థమైంది.

అప్పుడు తన సొరుగు అడుగునున్న బిస్కెట్ డబ్బా తీసి, ఇంజనీరమ్మాయిని పిలిచింది. హద్దులు వదులు చేసింది ఆ అమ్మాయే. చెయ్యమన్నారు, చేసింది.

డబ్బాలో పన్నెండు పాడైపోయిన బోర్డులున్నాయి. ఒకదానిమీద చిప్ కాలు పైకి లేచింది. ఇంకోదానిమీద ఆవగింజంత రెసిస్టరు ఒక కొస అతుక్కుని నిటారుగా నిలబడింది. ఒకచోట అసలు టంకమే పడలేదు. ఇలాంటివాటిని ఏ రోజువి ఆ రోజే విరగ్గొట్టి తుక్కులో వెయ్యాలని రూలు. పిన్ని వెయ్యలేదు.

"వీటిని నీ మెషిన్‌లో పెట్టు తల్లీ."

ఒక్కొక్కటే లోపలికి వెళ్ళి బయటికొచ్చింది. పన్నెండింటిలో ఏడు హాయిగా పాసైపోయాయి.

"పిన్నీ, సారు చెప్పారని నేను..." అని నీళ్ళు నమిలింది ఇంజనీరమ్మాయి.

"ఏడుపు తర్వాత. ముందు ఇది చూడు," అని నోటుబుక్కు ఆమె చేతిలో పెట్టింది పిన్ని.

గత మూడు వారాల గీతలు. వందకి ఎనభై కూతలు ఒకే రకం భాగం దగ్గర. ఆ భాగం ఇద్దరు సప్లయర్లనుంచి వస్తోంది. రెండోవాడు దానిమీద అక్షరాలు కాస్త సన్నగా, వెలిసినట్టు అచ్చేస్తాడు. సరుకు మంచిదే, మొహమే వేరు. మెషిన్‌కి మాత్రం మొదటివాడి మొహమే నేర్పారు.

"రెండో మొహం కూడా నేర్పు. మిగతా హద్దులు ఎక్కడివక్కడ బిగించు. కుక్క మొరుగుతోందని నోరు కట్టేస్తామా? చుట్టాలెవరో చూపిస్తాం."

ఇద్దరూ నాలుగు గంటలు కుర్చీల్లోంచి లేవలేదు. షిఫ్టు ముగిసేసరికి గంటకి డెబ్బై అయిదు కూతలు పదిహేనుకి దిగాయి. డబ్బాలో బోర్డులు పన్నెండూ దొరికిపోయాయి. అప్పుడు పిన్ని సంతకం పెట్టింది.

శాతం సారు వచ్చి లెక్క చూశాడు. "ఎనభై శాతమేనా," అని మూతి విరిచాడు గాని, లోపల సంతోషంగానే ఉన్నాడు. అంతలో ఆయన చూపు డబ్బామీద పడింది.

"ఇదేమిటి? తుక్కు దాచిపెట్టారా? రేపు వాళ్ళ కంట్లో పడితే నా కొంప మునుగుతుంది. ఇప్పుడే పారేయండి."

"పారేయను సార్. ఈ మెషిన్‌లో ఏం మార్చినా ముందు ఈ పన్నెండూ పట్టుకోవాలి. పట్టుకుంటేనే నా సంతకం."

ఆయన ఒక బోర్డు తీసి తిప్పి చూశాడు. వెనకాల చిన్న స్టిక్కరు. పాస్, ఆపరేటరు నలభై ఒకటి. పిన్ని బ్యాడ్జీమీద ఉన్నదీ అదే నంబరు. దొంగ దొరికినట్టు ఆయన కళ్ళు మెరిశాయి.

"దీన్ని ఓకే చేసింది మీరేగా?"

"నేనే."

రెండేళ్ళ కిందట మెషిన్ ఆ బోర్డు దగ్గర కుయ్యిమంది. అప్పటికి అది ఆ పూట మూడువందలోసారి. పిన్ని పచ్చ బటన్ నొక్కేసింది. ఆ బోర్డు ఓ లిఫ్టులోకి వెళ్ళింది. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయి, ఓ ముసలావిడ నాలుగు గంటలు చీకట్లో ఇరుక్కుపోయింది. మనిషికేం కాలేదు. బోర్డు వెనక్కొచ్చింది. పిన్నినెవరూ ఒక్క మాటా అనలేదు. ఆరువందల్లో ఒకటి, మామూలే అన్నారు. ఆ మామూలే అన్న మాటే ఆమెకి ఇప్పటికీ మింగుడుపడలేదు.

"దీన్ని కస్టమర్లకి చూపించమంటారా?" అన్నాడు శాతం సారు బెదిరిస్తూ.

"మీకెందుకు సార్ శ్రమ? నేనే చూపిస్తాను."

మర్నాడు పిన్ని చెప్పినట్టే చేసింది. డబ్బా మూత తీసి మెషిన్ పక్కనే, అందరికీ కనబడేలా పెట్టింది. కస్టమర్లు నలుగురు చుట్టూ నిలబడ్డారు. శాతం సారు కొరకొరా చూస్తున్నాడు. ఇదేం డబ్బా అని వాళ్ళలో ఒకావిడ అడిగింది.

"మేం వదిలేసినవీ, వదిలేయబోయినవీనండి. రోజూ వీటితోనే మొదలుపెడతాం," అంది పిన్ని. "ఇది నేను వదిలేసింది."

నలభై ఒకటి స్టిక్కరున్న బోర్డు తీసి ముందుగా దాన్నే లోపలికి పంపింది. మెషిన్ కుయ్యిమంది. పిన్ని తెర వంక తేరిపార చూసి, ఎర్ర బటన్ నొక్కింది.