ఎడమ ఇండికేటర్

వీరస్వామి ముప్ఫై రెండేళ్లు సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. పిల్లలు లేరు. భార్య పోయాక బౌద్ధనగర్‌లో ఒక గది తీసుకుని ఒక్కడే ఉంటున్నాడు. పొద్దున్నే తార్నాక మీదుగా నడుచుకుంటూ యూనివర్సిటీలోకి వెళ్లి, ఎండ ముదిరేదాకా తిరిగి ఇంటికొస్తాడు.

నడుస్తున్నంతసేపూ అతని చూపు బండ్ల మీదే. మలుపు దాటాక కూడా ఇండికేటర్ కొట్టుకుంటూ ఉంటే చెయ్యెత్తి, వేళ్లు మూసి తెరిచి చూపిస్తాడు. కొందరు ఆర్పేస్తారు. కొందరు లిఫ్ట్ అడుగుతున్నాడనుకుని ముఖం తిప్పుకుంటారు.

సర్వీసులో ఉండగా ఒకసారి, ముందున్న మోటార్‌సైకిల్‌కు ఎడమ ఇండికేటర్ వెలుగుతుంటే, పక్క సందులోకి పోతాడనుకుని బస్సును ముందుకు పోనిచ్చాడు. అతను తిరగలేదు. బస్సు తగిలి అతని కాలు విరిగింది. విచారణలో వీరస్వామి తప్పు లేదని తేల్చారు. అయినా ఆ మిణుకుమిణుకు అతని కళ్లలోంచి పోలేదు.

యూనివర్సిటీలో కెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేసే ఒకామె రోజూ ఎనిమిదిన్నరకు తెల్ల స్కూటీ మీద వచ్చేది. గేటు దగ్గర ఎడమకు తిరిగి, ఇండికేటర్ అట్లాగే వదిలేసి పోయేది.

"ఇండికేటర్ బంద్ చెయ్యి బిడ్డా," అన్నాడు మొదటి రోజు.

"అయ్యో, థ్యాంక్స్ అంకుల్."

మర్నాడూ అంతే. ఆ పై వారమూ అంతే. తర్వాత్తర్వాత ఆమె అతణ్ని చూడగానే నవ్వుతూ స్లో చేసేది. "మళ్ల మర్చిపోయిన," అనేది. ఒకరోజు ఆగి, "టిఫిన్ చేసిన్రా అంకుల్?" అని అడిగింది. చేశానన్నాడు. చేయలేదు. ఆ రోజు మళ్లీ ఎవరితోనూ మాట్లాడే అవసరం రాలేదు. అప్పటినుంచి ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరేవాడు. ఆదివారం మాత్రం గడిచేది కాదు.

వానలు మొదలైన వారం ఒకరోజు, అతను గేటు చేరేలోపే ఆమె మలుపు తిరిగి ముందుకెళ్లిపోయింది. ఇండికేటర్ వెలుగుతూనే ఉంది. ముందున్న ఎడమ సందులోంచి వస్తున్న ఆటోవాడు, ఆమె అటే తిరుగుతుందనుకుని రోడ్డెక్కాడు. ఆమె బ్రేకు వేసింది. స్కూటీ జారి పడింది.

వీరస్వామి పరుగెత్తాడు. ఆమె మోకాలు గీరుకుపోయింది, అంతే. ఆమె లేచి నిలబడి చున్నీ దులుపుకుంది. అతను స్కూటీ లేపి, ఇండికేటర్ ఆర్పి, ఆరిందో లేదోనని మళ్లీ మళ్లీ వంగి చూశాడు.

"నాకేం కాలే అంకుల్. మీరెందుకు గిట్ల అయితున్నరు?"

"దీనికి బజర్ పెట్టిస్తరు బిడ్డా. ఇండికేటర్ ఏస్తే కూత పెడ్తది. ఆర్పేదాంక ఊకోదు. మొదటి రోజే చెప్పాల్సి ఉండె."

"మరి చెప్పలేదేంది?"

"యాదికి రాలే," అన్నాడు. అది అబద్ధం. ఆ మాట ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. రేపు చెబుదాంలే అనుకున్నాడు.

అప్పటికప్పుడు స్కూటీ నడిపించుకుంటూ తార్నాకలో తనకు తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె కుంటుతూ పక్కన నడిచింది. తన పేరు విజయశ్రీ అని, విద్యానగర్‌లో ఉంటానని దారిలో చెప్పింది. అన్ని నెలల్లో వాళ్లు అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

మెకానిక్ బజర్ బిగించి స్విచ్ నొక్కాడు. పీప్ పీప్‌మంది.

"అయిపోయింది పెద్దమనిషీ. ఇగ మీ బిడ్డకు ఎవ్వరు చెప్పే పని లేదు."

కాదని ఇద్దరూ అనలేదు.

మర్నాడు విజయశ్రీ గేటు దగ్గర తిరిగింది. కూత వినబడింది, వెంటనే ఆగింది. ఆమె చెయ్యి ఊపి వెళ్లిపోయింది. నాలుగైదు రోజులు అట్లాగే ఊపింది. ఆ తర్వాత ఒక పొద్దున హెల్మెట్ అద్దం దించుకుని, ఏదో ఆలోచనలో, అటు చూడకుండానే పోయింది. స్కూటీ వెనక ఎర్రలైటు తప్ప ఇంకేమీ వెలగడం లేదు. మంచిదే అనుకున్నాడు వీరస్వామి. స్కూటీ కనబడకుండా పోయేదాకా అక్కడే నిలబడ్డాడు.

ఆ రోజు ఇంటికి పోబుద్ధి కాలేదు. నడిచి నడిచి ఒక బస్టాప్‌లో కూర్చున్నాడు. పక్కనున్న కుర్రవాడు, "కోఠి బస్ పోయిందా అంకుల్?" అని అడిగాడు.

"ఇప్పుడే పోయింది. ఇంకోటి పది నిమిషాల్ల వస్తది. ఆ రూటుల నేను పదకొండేండ్లు నడిపిన..." అంటూ అటు తిరిగాడు.

కుర్రవాడు అప్పటికే చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాడు.