పదిమంది బిడ్డల సీసా

బుధవారం పదకొండు దాటింది. నల్లమాడ దగ్గరి ఒక పల్లె ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు ఎలిజబెత్ టీకాల డబ్బా ముందు పెట్టుకొని వాకిలి వైపే చూస్తోంది. వచ్చింది ఒకే ఒక్క బిడ్డ.

మునుపు విరేచనాలు రాకుండా వేసే చుక్కల మందు ఒక్కో బిడ్డకు ఒక్కో గొట్టంలో వచ్చేది. మూత తుంచి నోట్లో పిండితే సరి, పని అయిపోయేది. తల్లులు నవ్వుకుంటూ పోయేవాళ్ళు. ఎంత హాయి రోజులవి! ఇప్పుడు చవకని పదిమందికి సరిపడే సీసా పంపుతున్నారు. తెరిచిన నాలుగు గంటల్లో వాడాలి, మిగిలింది పారబోయాలి. ఒక్క బిడ్డ వచ్చినా తెరవాలన్నదే పైవాళ్ళ మాట. కానీ చదివేవారు ఆమెను తప్పుపట్టకండి. బిందెడు నీళ్ళకు మైలు నడిచి పెరిగిన మనిషికి తొమ్మిదిమంది మందు నేలపాలు చేయడానికి చేతులు రావు. ఐదుగురైనా చేరందే మూత తీయదు.

"వచ్చే బుధవారం రా తిమ్మక్కా, ఇంకొందరు చేరతారు" అంది.

"యాడొచ్చేదక్కా? మధ్యాన్నం బస్సుకు బెంగుళూరు పోతాండాము, కట్టడం పనికి" అంది తిమ్మక్క, రెండు నెలల కూతుర్ని భుజాన వేసుకుంటూ.

నిరుడు అదే ఊరి గంగాదేవి కొడుకునూ ఎలిజబెత్ ఇలాగే తిప్పి పంపింది. వలసపోయిన చోట వాడు విరేచనాలతో వారం ఆసుపత్రిలో పడ్డాడు. ఆ ఖర్చుతో ఎన్ని సీసాలు వచ్చేవో!

తోడొచ్చిన తిమ్మక్క నాయన కుళ్ళాయప్ప ముందుకొచ్చాడు. "ఏమమ్మా, వానపడి నేల పదునైన రోజు శెనక్కాయ విత్తనం ఖరీదు చూసుకుంటా గట్టుమీద కూసుంటామా? పదును పోతే మళ్ళా వస్తాదా?"

ఎలిజబెత్‌కు తన నాయన గుర్తొచ్చాడు. తొలి వానకు ఇంట్లో ఉన్న ఆఖరి మూట కూడా విప్పి విత్తేవాడు. తడిమట్టి వాసన, అమ్మ ఒడిలో విత్తనాలు తలపుకొచ్చి కళ్ళు చెమ్మగిల్లాయి.

సీసా తెరిచింది. పాప చప్పరించి మింగింది. తిమ్మక్క బస్సు అందుకుంది.

ఆ రోజు నివేదికలో ఎలిజబెత్ ఇలా రాసింది: "వాడినది ఒకటి, పారబోసినవి తొమ్మిది. జనం వలసపోయే పల్లెలకు పాత గొట్టాలే పంపండి. పారబోసిన చుక్కలనూ, టీకా తప్పిపోయిన బిడ్డల వైద్యం ఖర్చునూ కలిపి లెక్క వేసినప్పుడే ఏ టీకా చవకో తెలుస్తుంది."