ఆరు గీతల పంచాయితీ

మా గైడు నాకు అత్తగారు కూడా. ముందు గైడే. వాళ్ళబ్బాయిని నేను చేసుకున్నాక అత్తగారైంది. పగలు ల్యాబులో "మేడమ్", సాయంత్రం ఇంట్లో "అత్తయ్యా". తిట్ల రుచి మాత్రం రెండు చోట్లా ఒకటే.

నేను ఏళ్ళ తరబడి పట్టుకు వేలాడుతున్నది ఒక మాంగనీసు ఆక్సైడు, నల్లటి పొడి. వేడిగా ఉన్నప్పుడు అందులో ఎలక్ట్రాన్లు ఏ పరమాణువు దగ్గరా కాలు నిలవకుండా తిరుగుతుంటాయి. చల్లబరుస్తూ పోతే ఒక దశలో బుద్ధి తెచ్చుకుని, ఒకటి విడిచి ఒకటిగా కుదురుగా కూర్చుంటాయి. దాన్నే ఛార్జ్ ఆర్డరింగ్ అంటాం. కూర్చున్నాయో లేదో కంటికి కనపడదు కనుక, పొడిని అయస్కాంతం మధ్య పెట్టి మైక్రోవేవ్ పంపి, ఎలక్ట్రాన్ల స్పిన్ దాన్ని ఎక్కడ మింగుతుందో చూస్తాం. కాగితం మీద వెడల్పాటి గీత ఒకటి పడుతుంది. చల్లారేకొద్దీ అది సన్నబడి, ఎలక్ట్రాన్లు కూర్చునే చోట మళ్ళీ వెడల్పయితే నా థీసిస్ గట్టెక్కినట్టే.

అయింది కూడా! ఎగిరి గంతేశాను. ఇంకా చల్లబరిచేసరికి ఆ పెద్ద గీత మాసిపోయి, దాని జాగాలో ఆరు సన్నటి గీతలు వరసగా నిలబడి నన్ను వెక్కిరించాయి.

"ఆరు గీతలంటే గుంపులో కలవకుండా విడిగా పడున్న ఒంటరి మాంగనీసు," అంది అత్తగారు. "నీ పొడిలో కల్తీ ఉంది. కొలిమిలో సరిగ్గా కాల్చలేదు నువ్వు. మొత్తం మళ్ళీ మొదటినుంచి చెయ్యి."

"మేడమ్, ఎక్స్-రేలో శుభ్రంగానే ఉంది కదా..."

"ఎక్స్-రేకి అందనిది దీనికి అందుతుంది. నేను సంతకం పెట్టను గాక పెట్టను."

మళ్ళీ మొదటినుంచంటే ఇంకో ఏడాది! ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి. కాల్చింది నేనే, ఒప్పుకుంటాను. మరి నూరింది? ఆవిడే. అగేటు రాతి కల్వం ఒకటుంది, ఆవిడ పంచప్రాణాలూ అందులోనే. మనం నూరితే గరుకుగా వస్తుందట, ఎవర్నీ ముట్టుకోనివ్వదు.

వంక దొరుకుతుందేమోనని వెళ్ళి దాన్ని పరీక్షగా చూశాను. అంచున గోధుమరంగు నలుసులున్నాయి. వాసన చూస్తే టీ పొడి.

అమ్మ దొంగా! ల్యాబు తలుపు మీద "లోపల తిండి, టీ, కాఫీ నిషేధం" అని ఆవిడ సంతకంతోనే నోటీసుంది. బీరువాలో వెతికితే ద్రావకాల సీసాల వెనక బుల్లి కెటిలూ టీ డబ్బా దొరికాయి. పొడి మెత్తగా ఉంటేనే ఆవిడకు డికాక్షన్ చిక్కగా దిగుతుంది. మెత్తగా నూరడానికి కల్వాన్ని మించింది ఏముంది? టీ ఆకులో మాంగనీసు దండిగా ఉంటుందన్న సంగతి మాత్రం మహాతల్లికి తట్టలేదు.

నేరుగా అడిగితే నన్నే ఎగాదిగా చూస్తుంది. అందుకని ఆ టీ పొడినే చిటికెడు క్వార్ట్జ్ గొట్టంలో పోసి, అంతే చలిలో కొలిచాను. వారం మీటింగులో, తోటి విద్యార్థులంతా ఉండగా, ఆ కాగితం ఆవిడ ముందు పెట్టాను.

"ఇంకో శాంపిల్, మేడమ్."

కళ్ళజోడు సవరించుకుంది. "చూడండర్రా, మళ్ళీ అవే ఆరు గీతలు! దీన్ని చేసినవాళ్ళవి చేతులా, చేటలా? ఇంత కల్తీ సరుకు నా సర్వీసులో చూళ్ళేదు."

"మీ డబ్బాలోదే అత్తయ్యా," అన్నాను. "ద్రావకాల వెనక ఉన్న టీ డబ్బా. కల్వానికి కూడా అంటుకునుంది."

దొరికావులే అని లోపల్లోపల తెగ సంబరపడ్డాను.

ఆవిడ నా పాత కాగితం తెప్పించుకుని, రెండిటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకు పట్టుకుంది. ఆరుకి ఆరూ కలిశాయి. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడు నాకు భయమేసింది. నా కల్వం ఎవరు ముట్టుకున్నారని ఒక్క కేక వేస్తే చాలు, అక్కడున్నవాళ్ళంతా నా వంకే చూసేవాళ్ళు.

"అత్త కొట్టింది అడుగోటి కుండేలే అని ఎవరూ సర్దిచెప్పక్కర్లేదు," అంది. "కొత్త కుండే, కొట్టింది నేనే. ఈ అమ్మాయి పనిలో ఏ లోపమూ లేదు. పద, ఇప్పుడే మళ్ళీ కొలుద్దాం."

కల్వం ఆవిడే యాసిడ్‌తో కడిగింది. కొత్తగా నూరి గొట్టంలో పోసి చల్లబరిచాం. గీత సన్నబడింది, అనుకున్న చోటే మళ్ళీ వెడల్పైంది, ఆ తర్వాత మాసిపోయింది. దాని జాగాలో ఇంకేమీ లేదు. నేను బావురుమన్నాను.

"ఏడుస్తావేమే పిచ్చిమొహమా, నీదే నిజమైందిగా!"

"మీరు కాదని ఉంటే అక్కడ మిమ్మల్ని ఎవరూ అడిగేవాళ్ళు కాదు అత్తయ్యా."

"అడగరు కాబట్టే చెప్పాను," అంటూ సంతకం పెట్టింది.