షింకిచి పడిన చెట్టు

హిసయో చీపురు ఆపి, తడి ఆకుల్లోని గింకో చెట్ల పళ్లను కాలితో ఒక పక్కకు నెట్టింది. ఈ పసుపు ఆకుల కోసం జనం రైళ్లెక్కి వస్తారు గానీ, పళ్లు చితికితే లేచే కంపుకు ముక్కు మూసుకుని పరుగెడతారు. అందుకే పొద్దున్నే వాటిని ఏరి సంచుల్లో కట్టేయాలి. ఇవాళ ఆమె సంచులు తియ్యనేలేదు. పళ్లన్నీ తెచ్చి ఒకే చెట్టు మొదట్లో పోసి, చీపురు కర్రతో కసిదీరా చితక్కొట్టి, పైన ఆకులు ముచ్చటగా పరిచింది.

నడుం వంగిపోయిన మనిషి. రబ్బరు తొడుగుల్లో వేళ్లు ఎప్పుడూ పగిలే ఉంటాయి. ఆ చెట్టు కొమ్మలు నరుకుతూనే ఆమె భర్త షింకిచి కిందపడి చనిపోయాడు. తాగి ఎక్కాడని, ఆ రోజు అతనితో పాటే చెట్టు మీదున్న మేస్త్రీ కురమోచి ఊరంతా చాటాడు. గుక్కెడు సాకే సారా తాగితే ఒళ్లంతా దద్దుర్లు లేచే మనిషి మీద అంత మాట! అది వాడి నోటితోనే అబద్ధమనిపించాలని ఆమె ఈ వీధి ఊడ్చే పనికి కుదిరింది. బతుకులో ఇంకో కోరిక పెట్టుకోలేదు.

కురమోచి ఏటా ఆకులు పండగానే పాత తోటి పనివాళ్లను వెంటేసుకుని వస్తాడు. చెట్టు ముందు సాకే గ్లాసు పెట్టి, మోకరిల్లి దండం పెడతాడు. ఇన్నేళ్లూ ఆమె పక్కన నిలబడి పళ్లు నూరుకుంది.

మధ్యాహ్నానికి బస్సు దిగారు. కురమోచికి కొత్త సూటు, తళతళలాడే నల్లబూట్లు.

"పాపం, మందంటే ప్రాణం వీడికి. పైన ఎవడు పోస్తున్నాడో ఏమో!" అంటూ కురమోచి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

ఆకుల కింద పచక్కుమంది. కంపు గుప్పుమంది.

"ఛీ ఛీ! ఏంట్రా, పెంటలో కూర్చున్నావా?" స్నేహితుడొకడు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"నేనే పోశా," అంటూ హిసయో ఎదురొచ్చింది. "ఇన్నేళ్లూ మా ఆయన పేరుకు నువ్వు పూసిన దానికంటే కంపా ఇది?"

"మీకేమన్నా పిచ్చా, హిసయో గారూ?"

"ఆయన చుక్క ముట్టలేదు. నడుముకు కట్టాల్సిన తాడేమైంది? వీళ్లముందు చెప్పు!"

కురమోచి లేవబోయి జారి మళ్లీ చతికిలబడ్డాడు. ఎవరూ చెయ్యందించలేదు.

"ఉన్నదొక్క తాడు! అది వాడికిచ్చేసి నన్ను చావమంటారా?"

అరిచాక గానీ తానేం అన్నాడో అతనికి తెలియలేదు. ముసలి స్నేహితుడొకడు టోపీ తీసి చెట్టుకు తలవంచి, బస్సు వైపు నడిచాడు. మిగతావాళ్లూ కదిలారు.

"ఆ బూట్లతో మాత్రం బస్సెక్కకు," అని ఒకడు వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

కురమోచి బూట్లు విప్పేసి, మేజోళ్లతోనే వాళ్ల వెంట పడ్డాడు.

హిసయోకు కసి తీరింది. తీరినా లోపల మంట కొంచెం మిగిలే ఉంది. అది పోదని ఆమెకు అర్థమైంది. చితికిన పళ్లన్నీ శుభ్రంగా ఎత్తి సంచి కట్టింది. ఆఫీసులో చీపురు, తొడుగులు అప్పజెప్పి, "రేపట్నుంచి రానండి," అని చెప్పి వెళ్లిపోయింది.

ఆమె ఊడ్చిన చెట్టు మొదట్లో, అంత కంగారులోనూ గుమ్మంలో బూట్లు విప్పే అలవాటు తప్పని కురమోచి పక్కపక్కనే పొందిగ్గా పెట్టి వెళ్లిన నల్లబూట్ల జత వీధి వైపు తిరిగి ఉంది.