పెదవులు కలిపి, పళ్ళు విడదీసి

తెల్ల ఆదివారం రానే వచ్చింది! సమోవాలో ఏడాదికి ఈ ఒక్కరోజు పిల్లలదే రాజ్యం. తెల్లబట్టలేసుకుని చర్చిలో వాళ్ళు బైబిలు వాక్యాలు అప్పజెబుతారు, పెద్దలు వింటారు. ఆనక భోజనాలదగ్గర పెద్దలే వడ్డిస్తారు. పదిహేనేళ్ళ సులామికి మాత్రం ఇది గండమే. అందరికంటే పొడవైన వాక్యం ఆమెదే. దవడేమో పొద్దున్నుంచి వేలు పట్టేంతకు మించి తెరుచుకోవడం లేదు.

నెలరోజులుగా ఇదే గోల. సాయంత్రం ప్రార్థనవగానే తండ్రి ఫలనికో కొబ్బరి ఈనెల చీపురు ఒళ్ళో పెట్టుకుని అప్పజెప్పించుకునేవాడు. ఒక్క మాట తప్పితే చీపురుదెబ్బకి మోకాలు చురుక్కుమనేది. ఆయనా అలాగే నేర్చుకున్నాడు మరి! సులామి గడ్డం పిడికిలికి ఆనించి, పళ్ళు బిగబట్టి చదివింది. నిద్రలోనూ పటపటా కొరికింది. నోరు తెరిస్తే చెవిదగ్గర టక్కుమనేది.

రాజధాని ఆపియాలో పళ్ళ డాక్టరమ్మ పరీక్షచేసి, “ఎముక భేషుగ్గా ఉంది. నీకు దేనికే తల్లీ ఇంత భయం?” అంది. పక్కనే నాన్న. సులామి ఓరకంట ఆయన చేతులకేసి చూసింది.

“సరే, పెదవులు కలిసుండాలి, పళ్ళు విడిగా ఉండాలి. గడ్డం కింద చెయ్యి పెట్టకు. బిగుసుకుంటే ఇదిగో, ఇలా వదిలెయ్,” అంటూ డాక్టరమ్మ దవడ జారేసి వెర్రిబాగుల మొహం పెట్టింది.

“దేవుడి వాక్యానికి భయమేంటి?” అన్నాడు ఫలనికో ఇంటికొచ్చి. చీపురు మాత్రం వదల్లేదు.

ఇప్పుడు పేరు పిలిచారు. సులామి లేచింది. దవడ బిగుసుకుపోయింది.

“కానీవే, అవతల కూరలు చల్లారిపోతున్నాయి!” అని వెనకనుంచి మేనత్త అరిచింది.

సులామి చూపు నాన్న చేతులమీదికి పోయింది. చీపురు లేదు. అయినా మోకాలు వెనక్కి లాక్కుంది.

ఫలనికో అది చూశాడు. బిడ్డకి భయం జనమంటే కాదు, తనంటేనని అప్పటికి తెలిసొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాడు. పాటల బృందానికి పెద్ద, నలుగురిలో నవ్వడమెరగని మనిషి, ఉన్నపళంగా లేచి నిలబడి దవడ వేలాడేసి అదే వెర్రిబాగుల మొహం పెట్టాడు!

చర్చంతా ఘొల్లుమంది. సులామికి నవ్వాగలేదు. నవ్వుతుంటే దవడ టక్కున వదిలింది. ఇక చూస్కోండి, వాక్యం గడగడా వచ్చేసింది! రెండు మాటలు తప్పాయి కూడా. ఎవరిక్కావాలి? అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఫలనికోనే.

మధ్యాహ్నం కొబ్బరిపాల ఆకుకూర ఆయనే వడ్డించాడు. “మెత్తగా ఉంది, మెల్లిగా తినమ్మా.”

పిల్లలు తిన్నాక తనూ కూర్చుని చేమదుంప కొరికాడు. ఆయన దవడా టక్కుమంది!

సులామి ఉలిక్కిపడింది. “నీకూనా నాన్నా? ఎప్పట్నుంచి?”

“మీ తాత నాకు వాక్యం నేర్పినప్పట్నుంచి.”

సులామి ఆయన గడ్డం మెల్లగా పట్టుకుంది. “పళ్ళు విడిగా పెట్టు నాన్నా,” అంది.